అసోసియేషన్ కోర్టు కేసుల వివరాలు: ఫ్లాట్ ఓనరుకు ఏం అడిగే హక్కుంది, ఎలా రాబట్టాలి?

మణికొండ_ఓనరు
అపార్ట్‌మెంటు అసోసియేషన్ వేసిన కేసు గానీ, అసోసియేషన్ మీద పడ్డ కేసు గానీ నడుస్తుంటే మామూలు సభ్యుడికి ఏం తెలుసుకునే హక్కు ఉంటుంది? "విషయం కోర్టులో ఉంది, చెప్పకూడదు" అని కమిటీ అంటే అక్కడితో ఆగిపోవాల్సిందేనా? దావా కాపీ, లాయరు ఫీజు, వాయిదా తేదీ, రాజీ మాటలు, ఇవన్నీ ఒకే కోవలోకి వస్తాయా? మాది 2001 సొసైటీల చట్టం కింద రిజిస్టరైన అసోసియేషన్, 180 ఫ్లాట్లు. బిల్డరు మీద ఒక కేసు, అసోసియేషన్ మీద ఇంకో కేసు ఉన్నాయన్నంత వరకే సభ్యులకు తెలుసు. లీగల్ ఫండ్ కింద ఫ్లాటుకు 6,000 అడుగుతున్నారు.

బైలాస్_బాబాయ్
ఏ చట్టం కింద రిజిస్టరైందో మొదటి పోస్టులోనే చెప్పారు, మంచి పని చేశారు. చాలామంది ఇక్కడే తికమక పడతారు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండింట్లోనూ కొన్ని అసోసియేషన్లు 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఉంటాయి, కొన్ని 1995 పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం (మ్యాక్స్) కింద ఉంటాయి. మొదటిదానికి జిల్లా రిజిస్ట్రార్, రెండోదానికి సహకార శాఖ. పిటిషన్ తప్పు ఆఫీసుకు వెళ్తే నెలలు గడిచాక "మా పరిధి కాదు" అని ఒక్క ముక్క రాసి తిప్పి పంపుతారు. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ మీద నంబరు పక్కనే చట్టం పేరు ఉంటుంది, చూసుకుని అడుగు వేయండి.

అసలు విషయానికి వస్తే, కేసులో కక్షిదారు అసోసియేషన్. కమిటీ కాదు, ప్రెసిడెంటు గారు కాదు. వాళ్లు సంతకం పెట్టే మనుషులు మాత్రమే. లాయరు గారి వకాలత్ (కోర్టులో వాదించమని ఇచ్చే అధికార పత్రం) అసోసియేషన్ పేరు మీద ఉంటుంది, ఫీజు సభ్యుల మెయింటెనెన్స్ డబ్బులోంచి పోతుంది, ఓడితే డిక్రీ (కోర్టు తేల్చిన తుది ఉత్తర్వు) మొత్తం కట్టేదీ ఆ డబ్బులోంచే. కాబట్టి కేసు ఉందా, ఎవరి మీద, ఏం అడుగుతున్నారు, ఎంత మొత్తం, ఏ కోర్టు, తర్వాతి వాయిదా ఎప్పుడు, ఇప్పటిదాకా ఎంత ఖర్చయింది, ఓడితే ఎంత పడుతుంది అన్న ఎనిమిది ముక్కలూ దాచడానికి కమిటీకి ఏ ఆధారమూ లేదు.

బైలాస్ (అసోసియేషన్ నియమావళి) తీసి మూడు క్లాజులు వెతకండి. పుస్తకాలు తనిఖీ చేసే హక్కు, దావా వేయడానికి లేదా రాజీ పడడానికి ఎవరి ఆమోదం కావాలి, ప్రత్యేక జనరల్ బాడీ పిలిపించడానికి ఎంతమంది సంతకాలు కావాలి. మీ దగ్గర ఉన్న జిరాక్సును నమ్మకండి. బైలాస్ సవరణలు రిజిస్ట్రార్ దగ్గర దాఖలైన ప్రతిలోనే సరిగ్గా ఉంటాయి. సర్టిఫైడ్ కాపీ తెచ్చుకోండి.

సివిల్‌సైడ్
"కోర్టులో ఉంది కాబట్టి చెప్పకూడదు" అన్న మాట గురించి. పెండింగు కేసు వివరాలు సొంత సభ్యులకు చెప్పకూడదని ఏ చట్టమూ అనదు. 1971 కోర్టు ధిక్కార చట్టం సెక్షన్ 4 ప్రకారం కోర్టులో జరిగినదాన్ని ఉన్నదున్నట్టు, సరిగ్గా చెప్పడం ధిక్కారం కాదు. మినహాయింపులు ఉన్నాయి. జడ్జి గారు ఛాంబర్లో విచారించిన కేసు, ప్రచురించకూడదని ప్రత్యేకంగా ఆర్డరు ఇచ్చిన కేసు. అలాంటి ఆర్డరు ఉందని కమిటీ అంటే దాని తేదీ, ఐ.ఎ. (కేసు మధ్యలో వేసే పిటిషన్) నంబరు అడగండి. ఉంటే చూపిస్తారు. లేకపోతే ఆ సంభాషణ అక్కడే తేలిపోతుంది.

చెప్పకుండా ఉండదగినవి వేరే ఉన్నాయి. లాయరుకీ కక్షిదారుకీ మధ్య జరిగిన రహస్య సంప్రదింపులకు 2023 భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 132, 134 రక్షణ ఇస్తాయి (పాత ఎవిడెన్స్ చట్టంలో 126, 129). లాయరు గారు రాసిన లీగల్ ఒపీనియన్, మన కేసులో బలహీనత ఎక్కడుందో చెప్పిన మెయిల్, సాక్షిని ఏ ప్రశ్నలు అడగాలన్న నోట్సు, రాజీలో ఎంతవరకు దిగొచ్చన్న లెక్క, ఇవి ఈ కోవ. ఇవి ఎదుటివాళ్ల చేతికి చిక్కితే నష్టం 180 ఫ్లాట్లకూ. ఆ రక్షణ అసోసియేషన్‌ది. అసోసియేషన్‌ను ఎదుటి పక్షం నుంచి కాపాడడానికి ఉన్నదాన్ని కమిటీ తనను తాను సభ్యుల నుంచి కాపాడుకోవడానికి వాడుకోవడం సరికాదు.

ఇక దావా, కౌంటరు, రాతపూర్వక జవాబు, ఐ.ఎ.లు, ఆర్డర్లు, డిక్రీ. ఇవన్నీ ఎదుటి పక్షం చేతిలో ఇప్పటికే ఉన్న కాగితాలు. శత్రువు దగ్గర ఉన్నదాన్ని సొంత సభ్యుడికి చూపించబోమనడానికి కారణమే లేదు.

మాజీ_కార్యదర్శి
కమిటీ వైపు నుంచి ఒక మాట. అమ్ముడుపోని ఫ్లాట్లు బిల్డరు పేరు మీదే ఉంటే ఆ ఫ్లాట్ల ఓనరుగా ఆయనా సభ్యుడే. ఆయన మనుషులు వాట్సాప్ గ్రూపులోనూ ఉంటారు. లాయరు గారి సలహా గ్రూపులో పెడితే సాయంత్రానికి అది ఎదుటి లాయరు టేబుల్ మీద ఉంటుంది. కమిటీల భయంలో నిజం ఉంది, దాన్ని కొట్టిపారేయకండి.

దానికి పరిష్కారం పూర్తిగా నోరు మూసుకోవడం మాత్రం కాదు. పని చేసే పద్ధతి ఇది. ప్రతి కేసుకూ ఒక పేజీ వివరాల పత్రం తయారు చేసి నోటీసు బోర్డులోనూ మెయిల్లోనూ పెట్టాలి, ప్రతి వాయిదా తర్వాత కింద ఒక లైను చేర్చాలి. దావా, కౌంటరు కాపీలు ఆఫీసు ఫైల్లో ఉంచి, అడిగిన సభ్యుడికి సంతకం తీసుకుని ఇవ్వాలి. లాయరు సలహా మాత్రం కాపీ ఇవ్వకుండా, ఫోటో తీయనివ్వకుండా, ఆఫీసులో కూర్చుని చదువుకోనివ్వాలి. లేదంటే జనరల్ బాడీలో లాయరు గారినే పిలిపించి నోటి మాటగా చెప్పించాలి. ఆ భాగానికి కేసులో ఎదుటి పక్షమైన సభ్యుడు బయట ఉండాలి, ఆయన బయటికి వెళ్లిన సమయం మినిట్స్‌లో రాయాలి.

ఎదుటి పక్షమైనంత మాత్రాన ఆయన సభ్యత్వం పోదు. జమాఖర్చులు చూసే హక్కు, ఓటు హక్కు ఆయనకు ఉంటాయి. ఆ కేసు తాలూకు లాయరు సలహా ఒక్కటే ఆయనకు ఇవ్వనవసరం లేదు. ఇదే నియమం కమిటీలోని వాళ్లకూ వర్తించాలి. ట్రెజరర్ గారి బావమరిది బిల్డరు దగ్గర కాంట్రాక్టరైతే ఆ ఫైలు ట్రెజరర్ చేతిలో ఉండకూడదు.

కాపీసెక్షన్
కమిటీ ఇచ్చేదాకా ఆగక్కర్లేదు. సగానికి పైగా సమాచారం మీరే ఇంట్లో కూర్చుని తీసుకోవచ్చు.

ఈ-కోర్ట్స్ సర్వీసెస్ వెబ్‌సైటు లేదా యాప్ తెరిచి, కేస్ స్టేటస్‌లో రాష్ట్రం, జిల్లా, కోర్టు సముదాయం ఎంచుకుని పార్టీ పేరుతో వెతకండి. పేరులో కనీసం మూడక్షరాలు, కేసు రిజిస్టరైన సంవత్సరం ఇవ్వాలి. సంవత్సరం తెలియకపోతే అసోసియేషన్ పుట్టిన ఏడాది నుంచి ఒక్కొక్కటిగా వేయండి. పెండింగు, డిస్పోజ్డ్ రెండూ చూడండి. ముగిసిపోయిన కేసుల్లోనే ఎక్స్‌పార్టీ డిక్రీలు (ఒక పక్షం హాజరు కాకుండానే ఇచ్చినవి) దాక్కుని ఉంటాయి.

చాలామంది ఒక్క పేరుతో వెతికి "కేసులేం లేవు" అనేస్తారు. అసోసియేషన్ పేరు కోర్టు రికార్డులో ఎలా ఎక్కుతుందో చెప్పలేం. ఒక కేసులో "ఓనర్స్ వెల్ఫేర్ అసోసియేషన్", ఇంకో కేసులో "ఫ్లాట్ ఓనర్స్ మెయింటెనెన్స్ సొసైటీ", మరో దాంట్లో ప్రెసిడెంటు సొంత పేరు. ఇంగ్లిషు స్పెల్లింగులో ఒక అక్షరం తేడా వచ్చినా దొరకదు. కాబట్టి ప్రాజెక్టు పేరులోని మొదటి మూడు నాలుగు అక్షరాలతో, బిల్డరు కంపెనీ పేరుతో, స్థల యజమానుల పేర్లతో, గత ప్రెసిడెంట్ల, సెక్రటరీల పేర్లతో విడివిడిగా వెతకాలి. కోర్టు సముదాయం కూడా మార్చి చూడాలి. మణికొండ స్థలానికి సంబంధించిన దావా రంగారెడ్డి జిల్లా కోర్టుల్లో ఉంటుంది. కానీ కాంట్రాక్టరు డబ్బు కోసం వేసిన దావా అగ్రిమెంటు ఎక్కడ జరిగిందన్నదాన్ని బట్టి సిటీ సివిల్ కోర్టులోనూ ఉండొచ్చు.

కేసు దొరికాక 16 అక్షరాలు, అంకెలున్న సీఎన్ఆర్ నంబరు రాసుకోండి. ఇక మీదట అదొక్కటి చాలు. యాప్‌లో సేవ్ చేసుకుంటే ఎప్పుడు కావాలంటే అప్పుడు వాయిదా తేదీ చూసుకోవచ్చు. ఆ పేజీలో హియరింగ్ హిస్టరీ ఉంటుంది. ఒక్కో తేదీ నొక్కితే ఆ రోజు ఏం జరిగిందో క్లుప్తంగా కనిపిస్తుంది. "ప్రతివాది గైర్హాజరు", "కౌంటరు కోసం ఆఖరి అవకాశం" లాంటి మాటలు కనిపిస్తే మన లాయరు గారు నిద్రపోతున్నారో లేదో తెలిసిపోతుంది. అప్‌లోడ్ చేసిన ఆర్డర్ల పీడీఎఫ్ కూడా అక్కడే దిగుతుంది.

జిల్లా కోర్టుల్లో దొరకలేదంటే అక్కడితో అయిపోలేదు. హైకోర్టు సైటులో రిట్లు (మున్సిపల్ నోటీసులు, చెరువు ఎఫ్‌టీఎల్, అంటే పూర్తి నీటిమట్టం హద్దు గొడవలు ఇక్కడే ఉంటాయి), రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) సైటులో ఆర్డర్లు, వినియోగదారుల కమిషన్లకు ఈ-జాగృతి పోర్టల్, ఇవి మూడూ వేర్వేరుగా చూడాల్సిందే. క్రిమినల్ కేసైతే ఎఫ్ఐఆర్‌ను 24 గంటల్లో వెబ్‌సైటులో పెట్టాలని సుప్రీంకోర్టు 2016లో యూత్ బార్ అసోసియేషన్ కేసులో చెప్పింది. సున్నితమైన నేరాలకు మాత్రం మినహాయింపు ఉంది.

మణికొండ_ఓనరు
కాపీసెక్షన్ గారూ, వెతికితే ఓ.ఎస్. (ఒరిజినల్ సూట్, అంటే సివిల్ దావా) నంబరు దొరికింది. ఆర్డర్లు దిగుతున్నాయి గానీ దావా కాపీ అక్కడ లేదు. అసోసియేషన్ పార్టీ అయినప్పుడు సభ్యుడిగా నేనూ పార్టీనే అని కాపీ అడగొచ్చా?

కాపీసెక్షన్
అలా కుదరదండి. రిజిస్టరైన సొసైటీ వేరు, సభ్యుడు వేరు. కోర్టు లెక్కలో మీరు మూడో వ్యక్తి. మూడో వ్యక్తి కూడా సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టుకోవచ్చు, కాకపోతే అఫిడవిట్ జత చేయాలి. కాపీ ఎందుకు కావాలో అందులో చెప్పాలి. "ఈ అసోసియేషన్‌లో ఫలానా ఫ్లాటు ఓనరును, ఈ దావా ఫలితం ఉమ్మడి స్థలంలో నా అవిభక్త వాటా మీద పడుతుంది, కేసు ఖర్చుకు నా దగ్గర చందా వసూలు చేస్తున్నారు" అని రాసి సేల్ డీడ్ మొదటి పేజీలు, మెయింటెనెన్స్ రసీదు పెట్టండి. "సమాచారం కోసం" అని ఒక్క ముక్క రాస్తే తిప్పి కొడతారు. ఇవ్వాలా వద్దా అన్నది జడ్జి గారి నిర్ణయం. తీర్పు, డిక్రీ సులువుగా వస్తాయి, దావా వస్తుంది, ఎదుటివాళ్లు దాఖలు చేసిన సొంత డాక్యుమెంట్లు ఇవ్వడానికి కోర్టు వెనకాడుతుంది.

దరఖాస్తు వేసి ఇంటికెళ్లి కూర్చుంటే పని అవదు. కాపీయింగ్ సెక్షన్ వాళ్లు ఎన్ని స్టాంపులు పెట్టాలో నోటీసు బోర్డులో వేస్తారు. గడువులోపు స్టాంపులు పెట్టకపోతే దరఖాస్తు కొట్టేస్తారు, మళ్లీ మొదటికి. కాపీ చేతికొచ్చాక ఆఖరి పేజీ చూడండి. దరఖాస్తు పెట్టిన తేదీ, ఛార్జీలు అడిగిన తేదీ, కట్టిన తేదీ, కాపీ తయారైన తేదీ, ఇచ్చిన తేదీ వరసగా ఉంటాయి. అప్పీలు గడువు లెక్కలో కాపీకి పట్టిన కాలాన్ని లిమిటేషన్ చట్టం సెక్షన్ 12 కింద మినహాయిస్తారు. ఆ లెక్కకు ఆధారం ఈ తేదీలే. ఆ పేజీ పారేయకండి.

ఆర్టీఐ వేసి కోర్టు కాగితాలు అడగొద్దు. కోర్టు నిబంధనల ప్రకారమే కాపీ తీసుకోవాలని 2020లో గుజరాత్ హైకోర్టు కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది.

పద్దుపుస్తకం
ఆ 6,000 సంగతి. 180 ఫ్లాట్లంటే 10,80,000 రూపాయలు. ఇంత వసూలుకు వెనక జనరల్ బాడీ తీర్మానం ఉందా, బైలాస్ ప్రకారం కమిటీయే వేసే అధికారం ఉందా అన్నది మొదటి ప్రశ్న. తీర్మానం నంబరు, తేదీ, హాజరు పట్టిక అడగండి. కోరం (కనీస హాజరు) లేని మీటింగులో పాసైన తీర్మానం అక్కరకు రాదు. ఫ్లాటుకు ఇంత అని వేశారా, చదరపు అడుగుకు ఇంత అని వేశారా అన్నదీ బైలాస్‌తో పోల్చండి. మెయింటెనెన్స్ చదరపు అడుగు మీద ఉండి లీగల్ ఫండ్ ఫ్లాటు మీద ఉంటే చిన్న ఫ్లాట్ల వాళ్లు నిలదీయవచ్చు.

తర్వాత పద్దులు. లీగల్ ఖర్చు ఒకే చోట కనిపించదు. మూడు చోట్ల చూడాలి. ఆదాయ వ్యయాల పట్టికలో "లీగల్ అండ్ ప్రొఫెషనల్ ఛార్జీలు", ఆస్తుల వైపు "అడ్వకేటుకు అడ్వాన్సు", ఇంకా "ఇతర ఖర్చులు". అడ్వాన్సు ఏళ్ల తరబడి అలాగే నిలిచిపోయి ఉంటే బిల్లు రాలేదని అర్థం, లేదా వచ్చింది చూపించడం లేదని. ప్రతి చెల్లింపుకూ లాయరు గారి ఫీజు మెమో, చెక్కు లేదా బ్యాంకు బదిలీ వివరం, ఏ కేసు నంబరు కోసమో ఉండాలి. కోర్టు ఫీజుకు చలానా, అడ్వకేట్ కమిషనర్ ఫీజుకు కోర్టు ఆర్డరు, స్ట్రక్చరల్ ఇంజనీరు రిపోర్టుకు బిల్లు ఉంటాయి. ఒక లాయరుకు ఏడాదిలో 50,000 దాటితే 10 శాతం టీడీఎస్ కోయాలి (ఆ పరిమితి 2025 ఏప్రిల్ నుంచి, అంతకుముందు 30,000). టీడీఎస్ లేకుండా పెద్ద మొత్తాలు నగదుగా పోతుంటే ఆడిటరు గారిని రాతపూర్వకంగా అడగండి.

అన్నిటికంటే ముఖ్యం ఇంకొకటి. ఎవరి కేసుకు ఎవరి డబ్బు? ప్రెసిడెంటు గారు సొంత పేరు మీద వేసిన పరువునష్టం దావా, ఇద్దరు కమిటీ సభ్యుల తగువులో పుట్టిన క్రిమినల్ కేసు, ఇవి అసోసియేషన్ కేసులు కావు. ఫీజు మెమో మీద కేసు నంబరు చూసి, ఈ-కోర్ట్స్‌లో ఆ నంబరు కొట్టి, పార్టీగా ఎవరి పేరుందో చూస్తే సరిపోతుంది. అయిదు నిమిషాల పని, దీన్ని ఎవరూ చేయరు. కమిటీ సభ్యుడిని పదవి కారణంగానే ఇరికించిన కేసైతే అసోసియేషన్ భరించడం న్యాయమే, దానికీ ముందు తీర్మానం ఉండాలి.

వార్షిక లెక్కల చివర నోట్సులో పెండింగు కేసుల వల్ల రాగల బాధ్యత రాశారో లేదో చూడండి. కాంట్రాక్టరు 40 లక్షలకు దావా వేసి ఉంటే, లెక్కల్లో ఆ ఊసే లేకపోతే ఆ లెక్కలు సభ్యులకు అసలు బొమ్మ చూపించడం లేదు.

ఉష_వైజాగ్
రాజీ విషయం ఎవరూ ఎత్తలేదు. జనరల్ బాడీని అడక్కుండా కమిటీ బిల్డరుతో రాజీ పడి సంతకం పెట్టేస్తే సభ్యులు చేయగలిగేది ఏమైనా ఉంటుందా అండి?

సివిల్‌సైడ్
ఉష గారూ, అది కేసు ఏ రూపంలో ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. అందుకే దావా మొదటి రెండు పేజీలు అంత ముఖ్యం.

సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 1 రూల్ 8 కింద, అంటే అందరి తరఫున కొందరు వేసిన ప్రాతినిధ్య దావా అయితే సభ్యుల చేతిలో గట్టి హక్కులున్నాయి. దావా గురించి అందరికీ నోటీసు లేదా పేపరు ప్రకటన ఇవ్వాలి. ఏ సభ్యుడైనా తనను పార్టీగా చేర్చమని అడగొచ్చు. నోటీసు లేకుండా క్లెయిములో భాగం వదులుకోకూడదు, దావా వెనక్కి తీసుకోకూడదు, రాజీ పడకూడదు. ఆర్డర్ 23 రూల్ 3బి ప్రకారం కోర్టు అనుమతి లేని రాజీ చెల్లదు. దానికి తగ్గట్టే తీర్పు కూడా అందరినీ కట్టేస్తుంది.

రిజిస్టరైన అసోసియేషన్ తన సొంత పేరుతో వేసిన మామూలు దావా అయితే ఈ రక్షణలు వాటంతట అవి రావు. అప్పుడు బైలాసే దిక్కు. "రాజీకి జనరల్ బాడీ ఆమోదం కావాలి" అన్న క్లాజు లేకపోతే ఇప్పుడే సవరించి పెట్టుకోండి. కేసు నడుస్తుండగా ఉమ్మడి స్థలం, క్లబ్ హౌస్, పార్కింగు, టెర్రస్ హక్కులు వదులుకునే రాజీ వస్తే ఆర్డర్ 1 రూల్ 10 కింద ఇంప్లీడ్ పిటిషన్ (నన్నూ పార్టీగా చేర్చమని) వేయవచ్చు. ఆ ఆస్తిలో ప్రతి ఓనరుకూ వాటా ఉంది కాబట్టి వాదన నిలబడే అవకాశం బాగుంటుంది. కోర్టు అనుమతిస్తుందా అన్నది వాస్తవాల మీద ఆధారపడుతుంది.

లోక్ అదాలత్ గురించి ప్రత్యేకంగా హెచ్చరిస్తున్నాను. అక్కడ కుదిరిన రాజీకి అవార్డు ఇస్తారు. 1987 లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం సెక్షన్ 21 ప్రకారం అది డిక్రీతో సమానం, అప్పీలు లేదు. దాన్ని కొట్టేయమని మళ్లీ దావా వేయడం కుదరదని, హైకోర్టులో రిట్ ఒక్కటే దారి అని, అదీ చాలా పరిమితమైన కారణాల మీదేనని సుప్రీంకోర్టు 2017లో భార్గవి కన్‌స్ట్రక్షన్స్ కేసులో చెప్పింది. కేసును లోక్ అదాలత్‌కు పంపుతున్నట్టు హియరింగ్ హిస్టరీలో కనిపించిన రోజే జనరల్ బాడీకి పట్టుబట్టండి. అవార్డు వచ్చాక చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

బైలాస్_బాబాయ్
మణికొండ గారూ, ఉత్తరం నమూనా ఇది. వాట్సాప్‌లో అడిగినదాన్ని అడిగినట్టు లెక్కలోకి తీసుకోకండి. కాగితం మీద రాసి, రిజిస్టర్డ్ ఆఫీసు చిరునామాకు స్పీడ్ పోస్టులో పంపి, డెలివరీ అయినట్టు వచ్చే ట్రాకింగ్ పేజీ ప్రింటు తీసి ఉంచుకోండి. ఒక కాపీ మెయిల్ చేయండి.

"సెక్రటరీ గారికి. నేను ఫ్లాట్ నంబరు ఫలానా ఓనరును, అసోసియేషన్ సభ్యుడిని. బైలాస్ ఫలానా క్లాజు కింద ఈ కింది వివరాలు కోరుతున్నాను.
1. అసోసియేషన్ పార్టీగా ఉన్న అన్ని పెండింగు కేసుల కోర్టు, కేసు నంబరు, సీఎన్ఆర్, పార్టీలు, కోరిన ఉపశమనం, మొత్తం, తర్వాతి వాయిదా. గత మూడేళ్లలో ముగిసిన కేసులకూ ఇవే.
2. దావా, రాతపూర్వక జవాబు, మధ్యంతర ఆర్డర్ల కాపీలు. జిరాక్సు ఖర్చు చెల్లిస్తాను.
3. దావా వేయడానికి, లాయరును పెట్టుకోవడానికి, లీగల్ ఫండ్ వసూలుకు చేసిన తీర్మానాలు.
4. కేసువారీగా చెల్లించిన ఫీజులు, రసీదులతో.
5. రాజీ ప్రతిపాదన ఏదైనా ఉంటే అది జనరల్ బాడీ ముందుకు ఎప్పుడు వస్తుంది.
లాయరుతో జరిగిన రహస్య సంప్రదింపులు కోరడం లేదు. 15 రోజుల్లో ఇవ్వగలరు, లేదా ఏ అంశం ఏ నిబంధన కింద నిరాకరిస్తున్నారో రాతపూర్వకంగా తెలపగలరు."

చివరి రెండు వాక్యాలు తీసేయకండి. మొదటిది కమిటీ లాయరుకు సాకు లేకుండా చేస్తుంది. రెండోది నిరాకరణ కాగితం మీదికి తెస్తుంది. రేపు జిల్లా కోర్టుకు వెళ్లాల్సి వస్తే పనికొచ్చేది ఆ కాగితమే. "అవినీతి", "దోపిడీ" లాంటి మాటలు రాయకండి. ఒక్క మాటతో సమాచారం అడిగే ఉత్తరం కాస్తా గొడవ ఉత్తరమై కూర్చుంటుంది.

ఆరోపణలన్నీ కలిపి ఒకే ఉత్తరంలో కుక్కకండి కూడా. లిఫ్టు, నీళ్ల ట్యాంకరు గొడవలు వేరే కాగితం మీద.

పద్దుపుస్తకం
పుస్తకాల తనిఖీకి ఒప్పుకుంటే సమయం రాయించుకుని, ఇద్దరు సభ్యులు కలిసి వెళ్లండి. మినిట్స్ బుక్‌లో పేజీ నంబర్లు వరసగా ఉన్నాయా, తీర్మానం తేదీ దావా వేసిన తేదీకి ముందుందా వెనకుందా చూడండి. దావా వేశాక రాసిన తీర్మానం కనబడితే ఆ పేజీ, ముందు పేజీ, తర్వాతి పేజీ మూడింటి కాపీలూ అడగండి.

మణికొండ_ఓనరు
15 రోజులు గడిచినా ఉలుకూ పలుకూ లేకపోతే? రిజిస్ట్రార్ ఆఫీసులో ఫిర్యాదు చేస్తే పని జరుగుతుందా, లేక నేరుగా ఆర్టీఐ వేయాలా?

బైలాస్_బాబాయ్
అసోసియేషన్‌కు నేరుగా ఆర్టీఐ వేస్తే లాభం లేదు. ప్రభుత్వం నియంత్రణలో గానీ, గణనీయమైన ప్రభుత్వ నిధులతో గానీ నడవని సహకార సంఘాలు పబ్లిక్ అథారిటీలు కావని సుప్రీంకోర్టు 2013లో తలప్పలం సర్వీస్ కోఆపరేటివ్ బ్యాంకు కేసులో చెప్పింది. మన అసోసియేషన్లకూ అదే తర్కం. కానీ అదే తీర్పు ఇంకో తలుపు తెరిచింది. రిజిస్ట్రార్ పబ్లిక్ అథారిటీ. చట్టం కింద ఆయన సంఘం నుంచి తెప్పించుకోగల సమాచారాన్ని ఆయన ద్వారా అడగొచ్చు. 10 రూపాయల ఫీజుతో జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసు పౌర సమాచార అధికారికి రాయండి. దాఖలైన కమిటీ జాబితాలు, ఆడిట్ లెక్కలు, బైలాస్ సవరణలు, ఈ సొసైటీ మీద వచ్చిన ఫిర్యాదులు. అసోసియేషన్ రహస్యంగా భావించే సమాచారమైతే సెక్షన్ 11 కింద వాళ్లకు నోటీసు ఇస్తారు, అప్పుడు 30 రోజులు కాస్తా 40 అవుతుంది. రాకపోతే 30 రోజుల్లో మొదటి అప్పీలు.

రిజిస్ట్రార్ దగ్గర ఒక పరిమితి గుర్తుంచుకోండి. కాగితాలు ఫైలు చేయలేదని నోటీసు ఇస్తారు గానీ సభ్యుల మధ్య తగువు తీర్చరు. తగువుకు దారి 2001 చట్టం సెక్షన్ 23. సొసైటీ వ్యవహారాల్లో వివాదం వస్తే ఏ సభ్యుడైనా ఆర్బిట్రేషన్‌కు వెళ్లవచ్చు లేదా జిల్లా కోర్టులో దరఖాస్తు వేయవచ్చు. ఒక్కడైనా వేయవచ్చు, అయినా పదిమంది కలిసి వేస్తే ఖర్చూ తగ్గుతుంది, "వ్యక్తిగత కక్ష" అన్న మాటకూ తావుండదు. మ్యాక్స్ కింద ఉన్న సంఘాలకు ఇది వర్తించదు, వాళ్లకు సహకార ట్రిబ్యునల్ ఉంది.

కోర్టుకన్నా ముందు సంతకాలతో ప్రత్యేక జనరల్ బాడీ పిలిపించి చూడండి. ఎజెండాలో "కోర్టు కేసుల వివరాలు" అని మొత్తంగా రాస్తే చర్చ జరిగి మీటింగు ముగుస్తుంది. "ప్రతి మూడు నెలలకూ కేసుల వివరాల పత్రం సభ్యులకు పంపాలని తీర్మానించడం" అని రాస్తే ఓటింగు జరుగుతుంది.

ఉష_వైజాగ్
ఇంకొక సందేహం. రీసేల్‌లో ఫ్లాటు కొంటున్నవాళ్లకు ఇవేవీ అడిగే హక్కు ఉండదు కదా, వాళ్లింకా సభ్యులు కారు. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీస్తే అందులో కేసులు కనిపిస్తాయా?

సివిల్‌సైడ్
ఈసీ రిజిస్టరైన లావాదేవీల చిట్టా. పెండింగు దావా అందులో ఉంటుందని నమ్మకండి. కానీ ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 52 ప్రకారం స్థలం మీద దావా నడుస్తుండగా కొన్నవాళ్లు ఆ తీర్పుకు కట్టుబడాల్సిందే, తెలియదన్నా చెల్లదు. సెక్షన్ 55 కింద టైటిల్లో తనకు తెలిసిన ముఖ్యమైన లోపాన్ని అమ్మేవాళ్లు చెప్పి తీరాలి. కాబట్టి కొనేవాళ్లు అడగాల్సింది అమ్మేవాళ్లని, వాళ్లు సభ్యులుగా అసోసియేషన్‌ని అడిగి తెస్తారు. నో డ్యూస్ సర్టిఫికెట్ ఎలాగూ తీసుకుంటారు, దాంతోపాటే పెండింగు కేసుల జాబితా, రావాల్సిన లీగల్ ఫండ్ బకాయి అడగండి. సేల్ అగ్రిమెంటులో "ఈ జాబితాలో లేని కేసులేవీ నా ఎరుకలో లేవు" అన్న వాక్యం, పాత కేసుల తాలూకు చందా ఎవరు కట్టాలన్న వాక్యం పెట్టించండి. సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 22ఏ నిషేధిత జాబితాలో ఉందేమో కూడా చూడండి, దాని చుట్టూ హైకోర్టులో రిట్లు నడుస్తుంటాయి.

మాజీ_కార్యదర్శి
మణికొండ గారూ, ఉత్తరం పంపేముందు ఒక పని చేయండి. రిజిస్ట్రార్ రికార్డులో మీ అసోసియేషన్ చిరునామా ఏముందో చూడండి. చాలాచోట్ల అది ఇప్పటికీ బిల్డరు సైట్ ఆఫీసు చిరునామాయే, సెక్రటరీగా నాలుగేళ్ల కిందటి మనిషి పేరే ఉంటుంది. కోర్టు సమన్లు అక్కడికే పోతాయి. బిల్డరు మీద కేసు ఉన్నప్పుడు సమన్లు బిల్డరు ఆఫీసుకే వెళ్లడమంటే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. మీ మీద పడ్డ ఆ రెండో కేసులో హియరింగ్ హిస్టరీ మొదటి నాలుగు లైన్లు చదివి చెప్పండి, సమన్లు ఎప్పుడు అందినట్టు రాశారు?

మణికొండ_ఓనరు
చిరునామా మీరన్నట్టే పాతదే ఉంది. సమన్లు అందినట్టు ఫిబ్రవరి 3 తేదీ రాశారు. చివరి లైను "రాతపూర్వక జవాబు కోసం", వాయిదా ఏప్రిల్ 21.

సివిల్‌సైడ్
అయితే ఉత్తరానికి జవాబు కోసం 15 రోజులు ఆగకండి. ఆర్డర్ 8 రూల్ 1 కింద సమన్లు అందిన 30 రోజుల్లో జవాబు వేయాలి, కోర్టు దాన్ని 90 రోజుల దాకా పొడిగించవచ్చు. ఫిబ్రవరి 3 నుంచి 90 రోజులంటే మే మొదటి వారం. రేపే సెక్రటరీ గారిని కలిసి వకాలత్ వేశారా లేదా అన్న ఒక్కటే అడగండి. వేయకపోతే ఈ-కోర్ట్స్ పేజీలో ప్రతివాది పేరు కింద అడ్వకేటు పేరు ఉండదు, ఆ స్క్రీన్‌షాట్ చూపించండి. ఏప్రిల్ 21న ఎవరూ హాజరు కాకపోతే ఎక్స్‌పార్టీ చేస్తారు. డిక్రీ దాకా వెళ్తే ఆర్డర్ 9 రూల్ 13 కింద కొట్టేయమని అడగడానికి 30 రోజులే గడువు, సమన్లు సరిగ్గా అందలేదని రుజువు చేయగలిగితే డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి లెక్క. పాత చిరునామా రిజిస్ట్రార్ రికార్డులో ఉండటం మన తప్పే అని కోర్టు అనొచ్చు, దాని మీద ఆధారపడకండి. చిరునామా మార్పు కాగితాలు కూడా ఈ వారంలోనే జిల్లా రిజిస్ట్రార్ దగ్గర వేయించండి.